నాలుగు లిస్టుల్లో నాలుగు అంకెలు: వేకెన్సీ పొజిషన్ అడిగిన అమ్మాయికి

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాన్న పోయాక కారుణ్య నియామకంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరావు, తిరుపతి జిల్లాలో ఆరోగ్య శాఖ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు (ఉద్యోగుల వివరాలు చూసే పని) ఇచ్చారు, చేరి రెండు నెలలు కూడా కాలేదు, సోమవారంలోపు పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) వేకెన్సీ పొజిషన్, అంటే ఏయే పోస్టులు ఖాళీగా ఉన్నాయో చూపే లెక్క, తయారు చేసి పెట్టమన్నారు. పే బిల్లు చూస్తే ఒక అంకె, ఎఫ్‌ఆర్‌ఎస్ (ముఖ గుర్తింపు) హాజరులో ఇంకో అంకె, ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) వాళ్ళు పంపిన షీట్‌లో మూడోది, ఆ సీటులో నీకు ముందున్నాయన వదిలిపోయిన రిజిస్టర్‌లో నాలుగోది. "ఏది కరెక్టు సార్, ఏది పంపాలి, రాత్రి నిద్ర పట్టడం లేదు" అన్నావు.

నేను ఇదే శాఖలో చిత్తూరులో కొన్నాళ్ళు, తిరుపతిలో కొన్నాళ్ళు, మొత్తం ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. నీ దగ్గరున్న నాలుగు అంకెలూ కరెక్టే అయ్యుండొచ్చు. పే బిల్లు చెప్పేది ఈ డీడీవో (జీతాల బిల్లులు పెట్టే అధికారి) కింద ఎంతమంది జీతం తీసుకుంటున్నారని. హాజరు యాప్ చెప్పేది ఈ చోట ఎంతమంది ముఖాలు రిజిస్టరై ఉన్నాయని. ఎన్‌హెచ్‌ఎం షీట్ చెప్పేది ఈ ఏడాది ఎంతమంది జీతానికి బడ్జెట్ ఒప్పుకున్నారని. పాత రిజిస్టర్ చెప్పేది ఎప్పుడో మంజూరైన పోస్టులు, వాటి పక్కన ఆయన పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులు. నిన్ను అడిగింది వేకెన్సీ. దానికి జవాబు ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాంట్లోనూ నేరుగా లేదు, నువ్వే కట్టాలి.

ఎలా కట్టాలంటే, మూడు సంగతులు ఎప్పుడూ విడిగా రాసుకోవాలి: పోస్టు, మనిషి, ఆ మనిషి నిజంగా పనిచేసే చోటు. మన ఆఫీసుల్లో జరిగే తప్పుల్లో నూటికి తొంభై ఈ మూడూ ఒకే వరసలో కలిపి రాయడం వల్ల వచ్చేవే అని నా అనుభవం. "ఫలానా పీహెచ్‌సీ, స్టాఫ్ నర్స్, ఫలానా ఆమె" అని ఒకే లైన్‌లో రాసేస్తాం. ఆమె బదిలీ అయితే ఆ లైన్ కొట్టేస్తాం. లైన్‌తో పాటు పోస్టు కూడా పోతుంది! రెండేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు ఆ పీహెచ్‌సీకి ఆ పోస్టే లేదనుకుంటారు. ఇలా కాగితం మీద మాయమైపోయిన ఫార్మసిస్టు పోస్టును మళ్ళీ నిలబెట్టడానికి పాత జీవో కోసం నేను ఒక వేసవి అంతా బీరువాలు వెతికాను.

కాబట్టి మొదలు పోస్టులతో పెట్టు. పేర్లు అసలు ముట్టుకోకు. ప్రతి పీహెచ్‌సీకీ ఏ జీవో ప్రకారం ఏ కేడర్‌లో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో రాయి, జీవో నంబరు, తేదీతో సహా. 2018లో సీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ జీతాలు, చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) వచ్చినప్పటి నుంచి రెగ్యులర్ పోస్టు ప్రతిదానికీ ఒక పొజిషన్ ఐడీ ఉంటుంది, జీతం దాని మీదే డ్రా అవుతుంది. ఆ ఐడీ నీకు బంగారం. జీవోలో ఉండి పొజిషన్ ఐడీ లేకపోతే ఎందుకు లేదో కనుక్కో, ఐడీ ఉండి జీవో దొరక్కపోతే ఎర్ర రంగు వేసి పక్కన పెట్టుకో. ఎన్‌హెచ్‌ఎం పోస్టులకి ఈ లెక్క వర్తించదు. అవి పీఐపీలో (రాష్ట్రం కేంద్రానికి పంపే ప్రణాళికలో) అడిగి, ఆర్‌వోపీలో (కేంద్రం ఇచ్చే ఆమోద పత్రంలో) ఒప్పుకున్నంతవరకే ఉంటాయి, కాబట్టి అవి వేరే షీట్, పైన ఏ సంవత్సరం ఆర్‌వోపీ అన్నది తప్పకుండా రాయాలి. అవుట్‌సోర్సింగ్ మూడో షీట్. ఈ మూడింటినీ కలిపి ఒకే టోటల్ వెయ్యమని ఎవరు చెప్పినా, విడివిడిగా చూపించి కింద టోటల్ వెయ్యి. కలిపేసిన అంకెను మళ్ళీ విడగొట్టడం ఎవరి తరమూ కాదు.

తర్వాత మనిషి. ఇక్కడ పేరుతో వెతకొద్దు. మన వైపు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఇనిషియల్ మాత్రమే ఉంటుంది. పెళ్ళయ్యాక కొందరి ఇంటిపేరు మారుతుంది. జిల్లాలో లక్ష్మీదేవులు, రెడ్డెమ్మలు, గంగమ్మలు ఎంతమంది ఉంటారో నీకు తెలుసు. సీఎఫ్‌ఎంఎస్ ఐడీనే (పోస్టుది కాదు, ఉద్యోగికి ఉండే నంబరు) తాళంచెవిగా పెట్టుకో. ఎన్‌హెచ్‌ఎం వాళ్ళకి, అవుట్‌సోర్సింగ్ వాళ్ళకి ఆ ఐడీ లేకపోతే నువ్వే ఒక వరస నంబరు ఇచ్చి, దాన్ని ఎప్పటికీ మార్చకు, మనిషి మానేసినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వకు. తేదీలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలి: రోజు, నెల, సంవత్సరం. ఎక్సెల్ తనంతట తాను నెలను ముందుకు తెచ్చి రోజును వెనక్కి తోసేస్తుంటుంది. దానివల్ల మార్చి 5న పుట్టినామె మే 3న పుట్టినట్టు కనబడి రిటైర్‌మెంట్ నెల మారిపోయిన షీట్ నేను చూశాను.

రిటైర్‌మెంట్ అన్నాను కాబట్టి ఇక్కడే చెబుతాను. మన రాష్ట్రంలో 2022 జనవరిలో పదవీ విరమణ వయసు 60 నుంచి 62కి పెంచారు. అందువల్ల వయసు వల్ల ఏర్పడే ఖాళీలు రెండేళ్ళ పాటు దాదాపు ఆగిపోయి, 2024 నుంచి మళ్ళీ మొదలయ్యాయి. పాత రిజిస్టర్‌లో ముందే లెక్కగట్టి రాసిన రిటైర్‌మెంట్ తేదీలు ఉంటే అవి నమ్మొద్దు, పుట్టినతేదీ నుంచి కొత్తగా వెయ్యి. ఒకటో తేదీన పుట్టినవాళ్ళు అంతకుముందు నెల ఆఖరి రోజునే దిగిపోతారు, మిగతావాళ్ళు పుట్టిన నెల ఆఖరి రోజున. రాబోయే ఇరవైనాలుగు నెలల్లో దిగిపోయేవాళ్ళ లిస్టు వేకెన్సీ పొజిషన్ వెనక జత చెయ్యి. ఎవరూ అడగరు. కానీ అది చూసిన ఆఫీసరు నిన్ను గుర్తుపెట్టుకుంటారు, పైగా ఆ ఊళ్ళకి ముందే మనిషిని వెతకొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వస్తాను: పనిచేసే చోటు. జీతం ఒక చోట, పని ఇంకో చోట. డెప్యుటేషన్ అంటాం, వర్క్ అడ్జస్ట్‌మెంట్ అంటాం, కొన్నిసార్లు ఏ కాగితమూ లేకుండా "ఫోన్‌లో చెప్పారు సార్" అంటాం. యర్రావారిపాళెం వైపు పీహెచ్‌సీలో పోస్టు ఉన్న ల్యాబ్ టెక్నీషియన్ టౌన్‌లో పనిచేస్తున్నాడనుకో. పే బిల్లు ప్రకారం ఆ పోస్టు నిండింది. ఖాళీ లిస్టులో ఆ ఊరు రాదు, బదిలీల కౌన్సెలింగ్‌లో ఆ ఊరు ఎవరికీ కనబడదు. అక్కడి జనానికి మాత్రం మలేరియా పరీక్షకి స్లైడ్ చూసే మనిషి లేడు. ఇది ఏళ్ళ తరబడి నడుస్తుంది, ఎందుకంటే కాగితం మీద అంతా నిండుగా ఉంది. ఇలాంటి చోట్లను బయటపెట్టగలిగింది నీ సీటు ఒక్కటే. అందుకే షీట్‌లో "జీతం తీసుకునే చోటు", "పనిచేసే చోటు", "ఏ ఉత్తర్వు, ఏ తేదీ", "ఎప్పటివరకు" అని నాలుగు కాలమ్‌లు తప్పనిసరిగా పెట్టు. ఉత్తర్వు లేకపోతే ఆ గడిలో "ఉత్తర్వు లేదు" అని రాయి, ఖాళీగా వదలొద్దు. భయపడకు, నువ్వు ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు, ఉన్నది రాస్తున్నావు.

మన జిల్లాకి ఇంకో ప్రత్యేకత ఉంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఊళ్ళో గంగమ్మ జాతర వచ్చినప్పుడు డాక్టర్లను, నర్సులను, ఫార్మసిస్టులను కొండ మీదికీ, క్యాంపులకీ డ్యూటీ వేస్తారు. అది అవసరమే, లక్షల మంది వచ్చే చోట వైద్యం ఉండాలి. కానీ ఆ డ్యూటీ ఉత్తర్వుల్లో మొదలు తేదీ ఉంటుంది, ముగింపు తేదీ ఒక్కోసారి ఉండదు. నువ్వు మాత్రం ముగింపు తేదీ లేకుండా ఎంటర్ చెయ్యొద్దు, సెక్షన్ సూపరింటెండెంట్‌ని అడిగి రాయించుకో. తొమ్మిది రోజుల డ్యూటీ తొమ్మిది నెలల డెప్యుటేషన్‌గా మారేది ఆ గడి ఖాళీగా ఉండటం వల్లే.

ఇంకో సంగతి నిన్ను తప్పకుండా ఇబ్బంది పెడుతుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఎక్కువ భాగం పాత చిత్తూరు జిల్లా నుంచి వచ్చింది, సూళ్ళూరుపేట, నాయుడుపేట, వెంకటగిరి వైపు పాత నెల్లూరు నుంచి వచ్చింది. ఉద్యోగాలకు జిల్లా, జోన్ హద్దులు పెట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం చిత్తూరు నాలుగో జోన్, నెల్లూరు మూడో జోన్. జోనల్ కేడర్ వాళ్ళకి, అంటే స్టాఫ్ నర్సుల్లాంటి వాళ్ళకి, ఇటువైపు రీజనల్ డైరెక్టర్ కడపలో, అటువైపు గుంటూరులో. జిల్లా కేడర్ వాళ్ళ సీనియారిటీ ఉమ్మడి జిల్లా లెక్కనే నడిచింది. కొత్త జిల్లాలకి పంపిన చాలామందిని "ఆర్డర్ టు సర్వ్" మీద, అంటే తాత్కాలికంగా అక్కడ పనిచెయ్యమని, పంపారు. కాబట్టి పక్క పక్క సీట్లలో కూర్చున్న ఇద్దరి సీనియారిటీ రెండు వేరు వేరు లిస్టుల్లో ఉండొచ్చు. నీ షీట్‌లో "ఉమ్మడి జిల్లా", "జోన్" అని రెండు కాలమ్‌లు కలుపు, దాని మీద తర్వాత ఏ ఉత్తర్వు వచ్చినా ఫైల్లో తాజాది చూసి సరిచెయ్యి. ఈ రెండు కాలమ్‌లు లేకుండా ప్రమోషన్ ప్యానెల్ పంపితే అది కోర్టుకు పోతుంది.

అలాగే ఏ ఆసుపత్రి ఎవరి కిందో తెలుసుకో. పీహెచ్‌సీలు ప్రజారోగ్య డైరెక్టరేట్ కింద, శ్రీకాళహస్తి ఏరియా ఆసుపత్రిలాంటివి సెకండరీ హెల్త్ కింద (మేమంతా ఇంకా వైద్య విధాన పరిషత్ అనే అంటాం), రుయా లాంటి బోధనాసుపత్రి డీఎంఈ (వైద్య విద్య డైరెక్టరేట్) కింద. పీహెచ్‌సీ నర్సు ఏరియా ఆసుపత్రిలో డెప్యుటేషన్‌లో ఉంటే రెండు ఆఫీసులూ ఆమెను లెక్కేసుకుంటాయి, లేదంటే రెండూ వదిలేస్తాయి.

ఖాళీ అనే మాటకి కూడా ఒకటే అర్థం లేదు. మనిషి లేకుండా ఉన్న పోస్టు క్లియర్ వేకెన్సీ. 180 రోజుల ప్రసూతి సెలవులో ఉన్న ఏఎన్‌ఎం (పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త) పోస్టు ఖాళీ కాదు, కానీ ఆ ఊరికి ఆరు నెలలు మనిషి లేదు. ఇన్‌సర్వీస్ కోటాలో (ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి కేటాయించిన సీట్లలో) పీజీ చదవడానికి వెళ్ళిన డాక్టరు మూడేళ్ళు రాడు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు, చెప్పకుండా రావడం మానేసినవాళ్ళు ఉంటారు. ఏడాది మించి అనధికారికంగా రాకపోతే రాజీనామా చేసినట్టు భావించే రూల్ ఉంది, కానీ ఆ ప్రొసీడింగ్స్ వచ్చేవరకు అది ఖాళీ అని నువ్వు రాయకూడదు. వీటన్నిటినీ "పోస్టు నిండింది, మనిషి అందుబాటులో లేరు" అనే కాలమ్‌లో కారణంతో చూపించు.

హాజరు యాప్ గురించి ఒక మాట. 2023 నుంచి ముఖ గుర్తింపు హాజరు వచ్చాక అందరూ దాన్నే స్టాఫ్ లెక్క అనుకుంటున్నారు. అది హాజరు మాత్రమే. బుధ, శనివారాల్లో టీకాలు వేయడానికి బాకరాపేట ఘాట్ దాటి పల్లెలకు పోయిన ఏఎన్‌ఎంకి సిగ్నల్ దొరక్కపోతే ఆమె రానట్టు కాదు. గ్రామ సచివాలయం ఏఎన్‌ఎం హాజరు ఒకరు చూస్తారు, పని ఇంకొకరు చెబుతారు. ఆ ఏఎన్‌ఎం అమ్మాయిల కష్టం తెలిసినవాడిని కాబట్టి చెబుతున్నా, యాప్‌లో కనబడలేదని ఎవరినీ నీ లిస్టులోంచి తియ్యొద్దు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. నేను నీలాగే చిన్న సీటులో ఉన్న రోజుల్లో ఒక ఏఎన్‌ఎం ఉండేది. ఆమెను ఒక పీహెచ్‌సీ నుంచి ఇంకోదానికి మాటమీద పంపారు, మూడేళ్ళు అక్కడే చేసింది, జీతం పాతచోటే. ఆ మూడేళ్ళు ఆమె సర్వీసు రిజిస్టర్‌లో ఏటా పెట్టాల్సిన సర్వీసు వెరిఫికేషన్ (ఆ ఏడాది పనిచేసినట్టు ధ్రువీకరించే ఒక లైను) పడలేదు. జీతం ఇక్కడని అక్కడివాళ్ళు పెట్టలేదు, మనిషి ఇక్కడ లేదని మేము పెట్టలేదు. మూడేళ్ళలో రెండేళ్ళు ఆ సీటు నాది. పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. నేను అక్కడి నుంచి బదిలీ అయిపోయాను. చాలా ఏళ్ళకు మళ్ళీ అదే ఆఫీసుకు పైసీటులో వచ్చాను. అప్పటికి ఆమె రిటైరై ఉంది, పెన్షన్ ప్రతిపాదనలు ఆ మూడేళ్ళ గ్యాప్ చూపించి తిరిగొచ్చాయి. చేతికి రావలసిన పెద్ద మొత్తం ఆగిపోయింది. పలమనేరు అవతల పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, వరండాలో స్తంభం పక్కన సాయంత్రం దాకా కూర్చునేది. ఒకరోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఇంగ ఎన్ని తూర్లు రావాల సార్, మోకాళ్ళు పోయినాయి" అంది. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి బిడ్డలకు సూదులేసిన మోకాళ్ళవి. రికార్డు రూములో పాత పే బిల్లులు, అక్విటెన్స్ రోల్స్ (జీతం అందినట్టు సంతకాలు పెట్టే పట్టీలు) ఒక్కొక్క నెలవీ వెతికి, ముప్పైఆరు నెలల్లో ముప్పైనాలుగు దొరికాయి, మిగతా రెండు ఖజానా లెక్కల్లో దొరికాయి. పదకొండు నెలలు పట్టింది. ఆ సీటులో ఉన్నవాళ్ళం ఏడాదికి ఒక లైను, మూడేళ్ళకు మూడు లైన్లు రాసుంటే సరిపోయేది.

ఇప్పుడు ఈ-ఎస్‌ఆర్ (ఆన్‌లైన్ సర్వీసు రిజిస్టర్) వచ్చింది కదా అంటావు. వచ్చింది, మంచిదే. కానీ పుస్తకం ఎస్‌ఆర్‌లో లేని ఎంట్రీ ఈ-ఎస్‌ఆర్‌లోకి దానంతట అది రాదు. పుస్తకంలో ఉన్న తప్పు అక్షరం పొల్లుపోకుండా ఎక్కుతుంది. వేకెన్సీ పని అయ్యాక వారానికి పది ఎస్‌ఆర్‌ల చొప్పున తియ్యి. మొదటి పేజీలో పుట్టినతేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, ప్రతి బదిలీకి రిలీవింగ్, జాయినింగ్ రెండూ ఉన్నాయా, ఏటా వెరిఫికేషన్ పడిందా, నామినేషన్లలో పెళ్ళికి ముందు రాసిన తల్లి పేరే ఇంకా ఉందా, ఇవి చూడు. రెండేళ్ళలో రిటైరయ్యేవాళ్ళవి ముందు. సీపీఎస్ (కొత్త పెన్షన్ పథకం) వాళ్ళయితే ప్రాన్ నంబరు, అంటే పెన్షన్ ఖాతా నంబరు, అందులో పేరు కూడా సరిచూడు.

పైఅధికారులు ఒక్కోసారి "ఉన్న పోస్టులు సరిపోతాయా" అని కూడా అడుగుతారు. దానికి ఖాళీల లెక్క చాలదు, పని లెక్క కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ విస్న్ అని ఒక పద్ధతి ఇచ్చింది, పనిభారాన్ని బట్టి మనుషులను లెక్కగట్టేది. దాని మూలసూత్రం వేళ్ళ మీద వెయ్యొచ్చు. లేబర్ రూములో ఇరవైనాలుగు గంటలూ ఒక్క నర్సు ఉండాలంటే రోజుకు మూడు షిఫ్టులు, ఏడాదికి 1095 షిఫ్టులు. ఒక నర్సు ఏడాదిలో ఎన్ని రోజులు రాగలదు? 365లో వారపు సెలవులు 52, ఈఎల్ (ఆర్జిత సెలవులు) 30, సీఎల్ (సాధారణ సెలవులు) 15, పండగలు సుమారు 20 తీసేస్తే 248. 1095ని 248తో భాగిస్తే దాదాపు నాలుగున్నర. అంటే ఒక్క కుర్చీ ఎప్పుడూ నిండుగా ఉండాలంటే నలుగురైదుగురు కావాలి. ముగ్గురు నర్సులు ఉన్న చోట "మూడు షిఫ్టులకి ముగ్గురున్నారు కదా" అంటారు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు పదహారు గంటలు నిలబడుతున్నారని ఆ మాటలో కనబడదు. ఈ లెక్క ఒక పేజీలో వేసి నీ రిపోర్టుకు జత చేసినా తప్పులేదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నా. నీ షీట్‌లో ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బుందని బదిలీల కోసం పెట్టిన సర్టిఫికెట్ల వివరాలు ఉంటాయి. ఆ షీట్‌ను వాట్సాప్ గ్రూపులో పడెయ్యొద్దు. అందరూ వేస్తున్నారని నువ్వు వెయ్యొద్దు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకి చట్టమే వచ్చింది. చట్టం సంగతి అటుంచు, ఒక నర్సమ్మ తన గర్భసంచి ఆపరేషన్ గురించి రాసిన కాగితం నూటయాభై మంది చూసే చోట ఉండటం తప్పు. పంపాల్సింది అంకెలైతే అంకెలే పంపు. పేర్లు అడిగితే ఐడీ, పేరు, కేడర్, చోటు, అంతే.

ఇక సోమవారం. ఉన్న మూడు రోజుల్లో జిల్లా అంతా శుద్ధి చేయలేవు, ఆ ఆలోచన వద్దు. ఈరోజు పోస్టుల షీట్ ఒక్కటే కట్టు. రేపు పే బిల్లులోంచి సీఎఫ్‌ఎంఎస్ ఐడీలు తీసి ఆ పోస్టుల ఎదురుగా పెట్టు. ఏ పోస్టు ఎదురుగా ఎవరూ పడలేదో అవే నీ క్లియర్ వేకెన్సీలు. ఏ మనిషికి పోస్టు దొరకలేదో ఆ పేర్లు విడిగా రాసుకుని మీ సూపరింటెండెంట్‌ని అడుగు, వాటిలో సగం పాత డెప్యుటేషన్లే అయ్యుంటాయి. ఆ తర్వాత తేడా ఎక్కువున్న నాలుగైదు పీహెచ్‌సీలకే ఫోన్ చెయ్యి, మెడికల్ ఆఫీసర్ సంతకంతో ఎవరెవరు నిజంగా పనిచేస్తున్నారో ఒక కాగితం తెప్పించు. హాజరు పట్టీ ఫోటో తీసి పంపితే చాలదు. పంపే రిపోర్టు పైన "ఫలానా తేదీ నాటికి" అని, కింద "రెగ్యులర్ పోస్టులు మాత్రమే, ఎన్‌హెచ్‌ఎం, అవుట్‌సోర్సింగ్ విడిగా జతచేయబడినవి, ఇన్ని పీహెచ్‌సీల వివరాలు సరిచూడవలసి ఉంది" అని రాయి. ఆ చివరి వాక్యం తీసెయ్యమంటే ఫైల్లో నోట్ పెట్టి తియ్యి. పంపిన షీట్‌ను అదే తేదీ పేరుతో సేవ్ చేసి ముట్టుకోకుండా ఉంచు, మార్పులన్నీ కొత్త కాపీలో చెయ్యి. వచ్చే నెల ఇదే అడుగుతారు, అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏం మారిందో నీకే తెలుస్తుంది.

పోస్టుల షీట్ కట్టేటప్పుడు ఏ జీవో అయినా అర్థం కాకపోతే దాని నంబరు రాసి అడుగు, పేర్లేమీ పెట్టకు. సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను, చూసి చెబుతాను.